బజారు దారిన చిన్నమ్మ పాడె

పేరున్న పెద్దవాళ్ళు పోతే ఆదోనికి కబురు మద్రాసు రైల్లో వచ్చేది. మావాళ్ళు పోతే డప్పు చెప్పేది. డప్పు మోగనిదే మా వాడలో పాడె లేచేది కాదు.

యాభైల్లో మాట. నేనూ మా చిన్నమ్మా ఒకే జిన్నింగు మిల్లులో పత్తి ఏరేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే పత్తి బేళ్ళ వరస జారి చిన్నమ్మ మీద పడింది. తీసేసరికి ప్రాణం లేదు. యజమాని పాడెకు వెదుళ్ళు పంపించి, మట్టి చేయగానే పనికి రమ్మని మాకు చెప్పించాడు.

అదేరోజు పత్రిక నిండా ఒక సినిమా హీరో బొమ్మ, చుట్టూ నల్లగీత. మద్రాసులో పోయాడట. బజారు మూసేశారు. టీ హోటల్లో ఒకాయన చదువుతుంటే మీసాలున్న మగవాళ్ళు కండువాలతో కళ్ళు తుడుచుకున్నారు. పత్రికకు వార్తలు పంపే మనిషి మా ఊళ్ళోనే ఉండేవాడు. చిన్నమ్మ సంగతి రాయమని అడగబోతే, ఇవాళ జాగా లేదన్నాడు. పోనీ రేపు రాయమన్నాను. రేపు హీరోకి మన ఊరి సంతాపం రాయాలన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చేతిలో కాగితం లాక్కుని చించేయాలనిపించింది. ఈనాటికీ అనిపిస్తుంది.

అంతకన్నా ఘోరం ఇంటిదగ్గర. హీరో బొమ్మను పాడె మీద ఊరేగించడానికని టాకీసు యజమాని మా వాడ డప్పులవాళ్ళందరినీ పిలిపించుకున్నాడు. మధ్యాహ్నం దాటినా చిన్నమ్మ వాకిట్లోనే ఉంది. ఆమెను కన్నతల్లి మా అవ్వ. అంతసేపూ ఏడ్చిన మనిషి లేచి కొంగు బిగించి, నన్ను వెంటబెట్టుకుని టాకీసుకు నడిచింది. డప్పులవాళ్ళు మంట దగ్గర డప్పులు కాచుకుంటున్నారు.

“ఈడ బొమ్మ ఉండాది. మా ఇంటికాడ మనిషి ఉండాది. యాడ కొడతారో మీరే సెప్పండప్పా,” అంది.

వాళ్ళు లేచారు. డప్పులు భుజాన వేసుకుని మా వెంట వచ్చేశారు. టాకీసు యజమాని వెనకనుంచి కేకలు పెడుతూనే ఉన్నాడు.

మామూలుగా మా పాడెలు మిల్లు వెనక సందులో పోయేవి. అవ్వ ఆరోజు బజారు దారి పట్టించింది. డప్పు వినగానే, మూసిన అంగళ్ళ ముందు కాచుకున్న షావుకార్లు హీరో పాడె అనుకుని తలపాగాలు తీసి లేచారు. గుడ్డల షావుకారు తల వంచుకునే గబగబా వచ్చి మల్లెదండ వేసి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. తెరిచి చూస్తే మా చిన్నమ్మ మొహం. దండ తీసుకోవడానికి చేయి చాచాడు.

అవ్వ ఆ చేయి పట్టుకుంది. మావాళ్ళు ఒక షావుకారు చేయి పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఉండనీప్పా. నీ పంచెలో పత్తి నా బిడ్డ ఏరిందే.”

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. డప్పు ఆగలేదు.

తర్వాతి పత్రికలో మా ఊరు హీరో కోసం కన్నీరు పెట్టిందని రాశారు. రాసుకోనీ. బజారు వేసిన దండ మా చిన్నమ్మ మెడలోనే మట్టిలోకి పోయింది.