అక్క బండి పట్టని దారి

మా ఊరు తిరుపతికీ చిత్తూరుకీ మధ్యన ఉంది. పేరు చెప్పను. చెప్తే మున్సిపల్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు కోపమొస్తుంది. వాళ్లకు కోపం తెప్పించి నేను ఇంతవరకూ సాధించింది ఏమీ లేదు.

రోజూ పొద్దున్నే చిత్తూరు బస్సెక్కుతాను. కోర్టు దగ్గర ఒక లాయరు ఆఫీసులో టైపు కొట్టడం నా ఉద్యోగం. బస్సు పూతలపట్టు దాటే వేళకు నా ఫోను ఒకసారి మోగి ఆగిపోయేది. అది అక్క ఇచ్చే మిస్డ్ కాల్. తాను బట్టలు కుట్టే అంగడికి, మా మాటలో కుట్టంగడికి, క్షేమంగా చేరిందని దానర్థం. అది మోగేదాకా పక్క సీటావిడ ఏం మాట్లాడినా నా చెవికెక్కేది కాదు. మోగాక ఊపిరి పీల్చుకుని, అప్పుడు టికెట్టు ఎక్కడ పెట్టానా అని వెతుక్కునేదాన్ని.

అక్కకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. చేత్తో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండి ఉంది. తిప్పీ తిప్పీ ఆమె చేతులు మా వీధిలో ఏ మగవాడికీ లేనంత గట్టిపడ్డాయి. పోట్లాటలో ఆ చేత్తో ఒక్కటిచ్చిందంటే నా వీపు మోగిపోయేది. ఆ చేతులతోనే పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. నెమళ్లు, మామిడి పిందెలు, పల్లకీలు, ఏది చెప్తే అది. అమ్మా నాయనా పోయాక ఇంట్లో మేమిద్దరమే. నాకు పెళ్లెందుకు కాలేదని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

ఇంట్లోనే కూర్చుని కుట్టుకోవచ్చు కదా, ఎందుకీ తిప్పలని చుట్టాలంతా అనేవాళ్లు. అక్క ఒకటే మాట చెప్పేది.

“ఇంట్లో ఎవురితో మాట్లాడేది? గోడల్తోనా? అంగట్లో అయితే నలుగురొస్తారు, పోతారు. నా పని సూసి ఒక మాటంటారు. దాని కోసరమే పోతా ఉండా.”

ఆమె దృష్టిలో బతకడమంటే అదే. ఒకరు దింపకుండా, ఒకరు తొయ్యకుండా తన బండిలో తాను పోయి నలుగురి మధ్య కూర్చోవడం. కానీ అంగడి మెయిన్ రోడ్డు అవతలి కొసన ఉంది. మామిడికాయల కాలంలో ఆ రోడ్డు మీద లారీలు తప్ప మరేమీ కనపడవు. మిగతా కాలమంతా కొండకు పోయే కార్లు, వ్యాన్లు. ఆమె బండి ఎత్తు తక్కువ, లారీవాడి కంటికి ఆనదు. ఒకసారి ఒక బస్సు రాసుకుంటూ పోతే బండితో సహా కాలువలో పడింది. మోచేతులు చీరుకుపోయినా మర్నాడు మళ్లీ బయల్దేరింది. నేను బస్సులో కూర్చుని ఆ ఫోను కోసం ఎలా చచ్చేదాన్నో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అందుకే రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ వేస్తున్నారని తెలిసినప్పుడు మా ఇంట్లో పండగ అయింది. ఆకుపచ్చ రంగు పూసిన దారి, రోడ్డుకూ దానికీ నడుమ సిమెంటు గట్టు. బడిపిల్లలకు, పాలవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు భయం లేకుండా ఉండాలని మున్సిపాలిటీ చేసిన ఆలోచన. దానికి ‘అందరి దారి’ అని పేరు పెట్టారు. ఇంజనీరు సారు స్వయంగా మా ఇంటికొచ్చాడు. మనిషి మంచివాడే, మా పక్క పల్లె నుంచి వచ్చినవాడే.

“ఓపెనింగ్ రోజు నువ్వు ముందర ఉండాల్మా. అందరి దారి అంటే నీలాంటోళ్లకు గూడా అని జనానికి తెలియాల,” అన్నాడు అక్కతో.

అక్క ఆ రోజు కోసం తన జాకెట్టు మీద తానే పిందెలు కుట్టుకుంది. ఎప్పుడూ ఊరందరికీ కుట్టడమే కానీ తనకు కుట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఓపెనింగ్ బ్రహ్మాండంగా జరిగింది. బడిపిల్లల సైకిళ్లు, బెలూన్లు, మేళం. ట్రాక్ మొదట్లో బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, తిప్పి కొట్టారు. రిబ్బను కత్తిరించే పెద్ద సారు వస్తున్నాడని ముక్కలన్నీ అప్పటికప్పుడు ఊడ్చేశారు కూడా. రిబ్బను కత్తిరించారు. అక్క బండి తిప్పుకుంటూ ముందుకు పోయింది, ఆగిపోయింది.

ట్రాక్ మొదట్లో అడ్డంగా ఇనుప పైపులు పాతి ఉన్నాయి. మోటారు సైకిళ్లు దూరకుండా పెట్టారట. సైకిల్ మాత్రం పట్టేంత సందు. అక్క బండి పట్టదు. వెనక నుంచి మేళంవాళ్లు వాయిస్తూనే ఉన్నారు. ఇంజనీరు సారు మొహం పాలిపోయింది. ఎవరో “ఎత్తండప్పా” అన్నారు. నలుగురు మగవాళ్లు అక్కను బండితో సహా, ఉత్సవ విగ్రహాన్ని ఎత్తినట్టు ఎత్తి, పైపుల మీదుగా అవతల దించారు. చప్పట్లు కొట్టారు. అక్క నవ్వింది. ఆ నవ్వుకే ఫోటో తీశారు. కాసేపటికి మళ్లీ ఎత్తి ఇవతల దించారు.

ఇంటికొచ్చాక జాకెట్టు విప్పి మడతపెడుతూ అడిగింది. “రేపట్నించి ఎత్తేదానికి ఎవురొస్తారంట?”

నేను నవ్వలేకపోయాను. ఆమె కూడా నవ్వలేదు.

ఆ తర్వాత సోమవారాలన్నీ అర్జీలకే పోయాయి. లాయరు దగ్గర పనిచేసేదాన్ని, అర్జీ రాయడం నాకు వెన్నతో పెట్టిన విద్య. అర్ధరోజు సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసు వరండాలో కూర్చునేదాన్ని. ఇంజనీరు సారు నన్ను చూస్తేనే తల గోక్కునేవాడు.

“ఏం జేసేదమ్మా? పైపు తీస్తే బండ్లన్నీ దూరతాయి. దూరితే పిల్లోళ్లకు ప్రమాదం. పెడితే మీ అక్కకు కష్టం. నన్ను యాడికి పొమ్మంటావు సెప్పు?”

“మీరు యాడికన్నా పోండి సార్. మా అక్క అంగడికి పోవాల. అంతే,” అన్నాను.

వరండాలో అందరూ నా వైపు చూశారు. చూస్తే చూశారు. పైపుల అవతల ఖాళీగా మెరిసిపోతున్న ఆకుపచ్చ దారి, దాని పక్కనే లారీల మధ్య అక్క. రోజూ బస్సు కిటికీలోంచి నేను చూసేది అదే. గట్టిగా అరవాలనిపించేది. బస్సులో అరిస్తే దించేస్తారని ఊరుకునేదాన్ని.

చివరికి వానలు మొదలయ్యే ముందు ఒక రోజు నడిమి పైపు తీసేశారు. అక్క బండి రాసుకోకుండా దూరింది. ఆ పొద్దు నేను బస్సు వదిలేసి ఆమె వెంబడి నడిచాను. సగం దూరం పోయాక వెనక్కి తిరిగి, “నువ్వు ఇంక పోమే, నీ పని సూసుకో,” అంది. నేను అక్కడే నిలబడి ఆమె పోయేది చూస్తూ ఏడ్చాను. మంచి ఏడుపే, చాన్నాళ్లకు వచ్చింది.

ఇంజనీరు సారు అన్నట్టే మోటారు సైకిళ్లు దూరాయి. టిఫిను బండి వచ్చింది, పూలబ్బాయి వచ్చాడు. అయినా అక్క ఒక కేక పెడితే అంతా జరిగి దారిచ్చేవాళ్లు. ఆమెకు ఆ కేకలు పెట్టడం కూడా ఇష్టమే. పొద్దుటి పూట పదిమందిని తిడుతూ పోవడంలో ఉండే సుఖం చెప్తే అర్థం కాదు. ఫోను రోజూ మోగేది. నేను టికెట్టు పారేసుకోవడం మానేశాను.

అంతలో ఆయుధ పూజ వచ్చింది. మా వైపు ఆ రోజు ప్రతి అంగడి ముందరా బూడిద గుమ్మడికాయ కొడతారు. సుత్తి నుంచి లారీ దాకా పనిచేసే ప్రతి వస్తువుకూ పసుపు, కుంకుమ, దిష్టి. సాయంత్రానికి రోడ్డంతా గుమ్మడి గుజ్జే. ఏటా మర్నాడు బండ్లు జారి ఎవరో ఒకరు పడతారు. అందుకని ఈసారి పోలీసులు ఆటోకు మైకు కట్టి వీధి వీధినా చెప్పారు, రోడ్డు మీద గుమ్మడికాయలు కొట్టకండి, ప్రమాదం అని. మంచి మాటే. జనం మాట విన్నారు. మా ఊళ్లో జనం ఎవరి మాటా వినరని నేను అనుకునేదాన్ని కానీ, ఆ రోజు తూచా తప్పకుండా విన్నారు. మెయిన్ రోడ్డు మీద ఒక్క కాయ కూడా కొట్టలేదు. అన్నీ తెచ్చి సైకిల్ ట్రాక్ మీద కొట్టారు.

కుట్టంగడి యజమానురాలు మిషన్లతో పాటు అక్క బండికి కూడా పూజ చేసింది. హ్యాండిలుకు బంతిపూలు చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. “నీ బండికి ఎవురి కన్నూ తగల్గూడదు పాపా,” అని అందరికంటే పెద్ద కాయ తిప్పి ట్రాక్ మీద కొట్టింది. అక్క ఇంటికొచ్చి ఆ సంబరమంతా నాకు చెప్పింది. బండికి ఉన్న పూలు తియ్యనివ్వలేదు.

పండగ రాత్రి సన్నగా వాన పడింది. అంగళ్లు తెరిచిన పొద్దున అక్క పోయింది, నేనూ పోయాను. బస్సు పూతలపట్టు దాటింది. ఫోను మోగలేదు. వానకు నెమ్మదిగా పోతుందేమోలే అనుకున్నాను. చేతిలో ఫోను పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. చిత్తూరు కనపడేటప్పుడు మోగింది. ఒకసారి మోగి ఆగుతుందని చూశాను. ఆగలేదు. మోగుతూనే ఉంది.

గుజ్జు మీద ముందు చక్రం జారి, బండి అడ్డం తిరిగి, మిగిలిన పైపుకు కొట్టుకుంది. పైపుకూ హ్యాండిలుకూ మధ్య అక్క కుడిచెయ్యి పడింది. మణికట్టు దగ్గర ఎముకలు నుజ్జయ్యాయి. తిరుపతికి తీసుకుపోతే ప్లేట్లు వేశారు. చెయ్యి కదులుతుంది కానీ వేళ్లు పూర్తిగా మూసుకోవు. సూది నిలవదు. బండి తిప్పే పిడి పట్టుకోలేదు. ముందు ముందు ఏమవుతుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. కాళ్లు లేని మనిషికి చెయ్యి పోతే ముందు ముందు అనేది ఎక్కడుంటుందో ఆయన చెప్పలేదు.

యజమానురాలు ఆసుపత్రికొచ్చి మంచం పట్టుకుని ఏడ్చింది. “దిష్టి తగల్గూడదనే గదమ్మా కొడితిని!” ఆమెను ఏమని తిట్టను? మంచి చెప్పిన పోలీసులను తిట్టనా, విన్న జనాన్ని తిట్టనా? ఎవరిని తలుచుకున్నా అందరూ మేలు చేద్దామనుకున్నవాళ్లే. మా అక్క చెయ్యి మాత్రం దిండు మీద వాచి పడి ఉంది. దేవుడి కొండ ఆసుపత్రి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. నేను అటు తిరిగి కూర్చోలేదు.

ఇంటికొచ్చిన వారానికి ఇంజనీరు సారు బత్తాయిలు తీసుకుని వచ్చాడు. సంచి నా చేతికిచ్చాడు. తర్వాత నేల చూస్తూ చెప్పాడు.

“ఇట్లాంటిది మళ్లీ జరగ్గూడదని పైనుంచి ఆర్డరొచ్చిందమ్మా. ఇట్లాంటి బండ్లు లోపలికి పోకుండా నడిమి పైపు మళ్లీ పెడతా ఉండాము. సేఫ్టీ కోసం.”

నేను బత్తాయిల సంచి వీధిలోకి విసిరేశాను. కాయలు దొర్లుకుంటూ కాలువ దాకా పోయాయి. ఆయన వంగి ఏరుకున్నాడు. లోపల్నించి అక్క కేకేసింది, “ఆయన్ని ఎందుకమే, పోనీలే.” ఆ పోనీలే వినలేక నేను పెరట్లోకి పోయి కూర్చున్నాను.

పైపు పెట్టారు. పక్కనే బోర్డు కూడా పెట్టారు. ‘అందరి దారి’ అని పెద్దక్షరాలు, కింద ఓపెనింగ్ రోజున తీసిన అక్క ఫోటో. పిందెల జాకెట్టు, నవ్వు. ఎత్తిన నలుగురూ ఫోటోలో పడలేదు. ఆ ఫోటో తీసెయ్యమని అర్జీ పెడదామని కాగితం ముందు కూర్చున్నాను. అక్క వద్దంది.

“ఉండనీలే. ఆడన్నా ఉండా గదా నేను.”

ఇప్పుడు ఆమె బండి వరండాలో ఉంది. దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం. అంగడికి ఆటోలో తీసుకుపోతానని నేను బతిమాలితే, సూది పట్టలేనిదాన్ని పోయి ఏం చేసేది, వాళ్ల పని చెడగొట్టేదా అంటుంది. పొద్దున నేను తలుపు దగ్గరకేసి పోతే మళ్లీ సాయంత్రం నేను తీసేదాకా ఆ తలుపు అలాగే ఉంటుంది. గోడలతో మాట్లాడుతుందో లేదో నాకు తెలియదు.

నేను అదే బస్సు ఎక్కుతున్నాను. పూతలపట్టు దాటే వేళకు ఫోను ఒకసారి మోగి ఆగుతుంది. ఎడమచేత్తో నొక్కుతుందట. మొదటి రోజు మోగినప్పుడు అదిరిపడి తిరిగి చేశాను. “ఏం లేదమే. ఇంట్లోనే ఉండా. నువ్వు అలవాటు కొద్దీ భయపడతావని చేసినా,” అంది.

రోజూ మోగుతోంది. రోజూ ఆమె ఇంట్లోనే ఉంది. లారీలు లేవు, బస్సులు లేవు, జారే గుజ్జు లేదు. నాకిప్పుడు ఏ భయమూ లేదు. ఆ భయం మళ్లీ ఇమ్మని ఏ ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలో తెలియక, టికెట్టు చేతిలో పట్టుకుని చిత్తూరు దాకా ఏడుస్తూ పోతున్నాను.