అవ్వ మెడలో అష్రఫీ

మొయినాబాద్‌లో అందరూ ప్లాట్ల ధరలు మాట్లాడుకునే రోజుల్లో, కిరాణా దుకాణం నడిపే మా చిన్నాయన మాత్రం నిజాం కాలపు బంగారు నాణెం అష్రఫీ గురించి కలలు కనేవాడు. ఎవరు చిల్లర ఇచ్చినా "జర ఆగుండ్రి" అని భూతద్దం తీసేవాడు.

ఆయనకు పెళ్ళిచూపులంటే చేవెళ్ల వెళ్ళాం. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న పిల్ల చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చిన్నాయన చూపు మాత్రం పక్కనున్న ఆమె నాయనమ్మ మెడ మీద ఆగిపోయింది. పూసల దండలో అష్రఫీ! ఉండబట్టలేక భూతద్దంతో లేచాడు.

"అవ్వా, జర గా బిళ్లను అటు తిప్పుతవా?"

మా నాయన తల పట్టుకున్నాడు.

"నువ్వు సూడొచ్చింది నన్నా, నా మనుమరాలినా బిడ్డా?" అన్నది అవ్వ. పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

సంబంధం చెడిందనుకుంటూ ఇంటికొచ్చాం. మర్నాడే పిల్ల ఒప్పుకుందని కబురొచ్చింది.

పెళ్ళయ్యాక కూడా అష్రఫీని అవ్వ ఆయనకు ఇవ్వలేదు గానీ, ఆయన అత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా కాసేపు చేతిలో పెట్టేది.

"ఏం చూసి ఒప్పుకున్నవ్ చిన్నమ్మా?" అని ఒకసారి అడిగాను.

"అంతకుముందు వచ్చినోళ్లందరు నా జీతమెంతని అడిగిండ్రు. మీ చిన్నాయన ఆ మాటే ఎత్తలే."