చెక్కనీళ్ళు తాగని తెల్లచాప

"మామా, ఇంకో నాలుగు దినాలు ఆ తెరచాపని అట్టే తెల్లగా ఉండనీ."

"ఉండనీలే మే. నీ పీట నడిచొచ్చేదాకా ఉండనీ."

అంతే. నేనూ నా మొగుడూ మాట్లాడుకున్న కడపటి మాటలు ఇవే. ఆ మాట అని, తలకి గుడ్డ చుట్టుకుంటా, పీట నడిచినట్టు ఒంటిని కుదుపుకుంటా నాలుగడుగులు నడిచి చూపించినాడు. నేను నవ్వినాను. నవ్వినాకనే తెప్ప కాడికి పోయినాడు. పొద్దు నడినెత్తికి రాకముందే సముద్రం ఆయన్ని ఒడ్డున తెచ్చి వేసింది.

రాసుకో పాపా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, బాగు చేయబాక. నాకు సంతకం పెట్టేదానికి సరిపోయే అక్షరాలు వచ్చు, అంతకు మించి రావు. వచ్చి ఉంటే ఎప్పుడో నేనే రాసి మీ తాత చేతిలో పెట్టి ఉంటాను. నోటితో చెప్పేదానికి నాకు ధైర్యం చాలలేదు.

మొన్న నీ కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు చూసి మీ అమ్మ "ఇది కూడా పెద్దోడి చాపేనా?" అనింది. నువ్వు పకపకా నవ్వినావు. మనింట్లో పని ఆలస్యం చేసినోళ్ళని అందరూ అనే మాటే అది. మీ నాయన అంటాడు, మీ తాత అంటాడు. ఆ పెద్దోడు నా మొగుడు, మీ తాతకి అన్న. కొత్త చాప ఇంట్లో పెట్టుకోని, దానికి చెక్కనీళ్ళు పట్టించేదానికి బద్ధకించి, పాత చాపతో పోయి ప్రాణం పోగొట్టుకున్నాడని మీరంతా విని ఉండారు. యాభై ఏళ్ళు దాటింది. ఆ మాట అబద్ధం. పుట్టించింది ఆయన, పెంచింది నేను.

నేను పుట్టింది పులికాట్ చెరువు కాడ. చెరువులో నీళ్ళు నడుములోతు, ఇంకొంచెం పోతే రొమ్ములోతు. పడవ బోల్తా పడితే లేచి నిలబడి చీర పిండుకోవడమే. చాప చిరిగితే గెడ వేసి తోసుకోని వచ్చేస్తారు. చాప అంటే నాకు తెలిసింది అంతే. పెండ్లయి ఈ సముద్రం ఒడ్డుకి వచ్చినాక అలల మోతకి మూడు నెలలు నాకు సరిగ్గా నిద్ర లేదు. మా అత్తకి మాట కన్నా ముందు తిట్టు వచ్చేది. "చెరువు పిల్ల, బురదమట్టగిడస" అని పిలిచేది నన్ను. ఏడవను, నవ్వను, కూడు వండతాను, వల ఎండేస్తాను. అట్ట ఉండినాను.

అప్పట్లో సర్కారు వ్యాను ఒకటి ఊరూరా తిరిగి ఉత్తపుణ్యానికి సినిమా చూపించేది. పాటలూ కొట్లాటలూ ఉండే సినిమా కాదు. టీకాలు వేయించుకోండి, నీళ్ళు కాచుకోని తాగండి, వరి ఇట్ట నాటండి, ఇవీ. వ్యాను ఇసకలో దిగబడితే మగోళ్ళంతా తోసి మా పాలెంలోకి తెచ్చినారు. వరి నాటేది చూపిస్తా ఉంటే ఎవరో అరిచినారు, "అయ్యా, రొయ్యలు నాటే సినిమా లేదా?" అని. అందరూ నవ్వినారు. ఇప్పుడు చూడు, గుంటలు తవ్వి రొయ్యల్ని కూడా నాటతానే ఉండారు.

వరి సగం నాటినారో లేదో, సముద్రపు గాలికి వాళ్ళ తెల్లగుడ్డ నిలువునా చినిగిపోయింది. ఆపరేటరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "మీ ఊళ్ళో ఏదన్నా తెల్లటి చాప ఉంటే ఇయ్యండి, కట్టుకుంటాం" అన్నాడు. తెల్లటి చాప యాడ ఉంటది? తెప్పకి కట్టే చాపల్ని అప్పుడు తుమ్మచెక్క వేసి కాచిన నీళ్ళలో మూడుసార్లు ముంచి ఆరేసేవాళ్ళు. అప్పుడది ఎండకీ ఉప్పుకీ చీకిపోకుండా తట్టుకుంటది. ఊళ్ళో చాపలన్నీ పాత ఇటికరాయి రంగు. చెక్కనీళ్ళు తాగని చాపని సముద్రం మీదికి తీసకపోకూడదు, తెల్లగుడ్డ గంగమ్మకి చూపించకూడదు అని పెద్దోళ్ళ మాట. మా ఇంట్లో ఒక్కటే ఉండింది, ఆ వారమే కుట్టి తెచ్చిన కొత్త చాప. మామ పోయి దాన్ని భుజాన వేసుకోని వచ్చినాడు. రెండు తెడ్లు పాతి కట్టినారు. పైన మూతి కాడ సన్నం, అడుగున వెడల్పు. ఆ మూడుమూలల గుడ్డ మీదే సినిమా పడింది.

అప్పుడు వేసినాడు ఆపరేటరు ఆ బొమ్మల సినిమా. "పిల్లలు ఏడవకుండా పెట్టుకున్నాను, చిన్నదే" అన్నాడు.

ఒక పొట్టి మనిషి. మట్టితో చేసినోడు. గుండు తల, గుమ్మడికాయ పొట్ట. పని చేసి అలిసిపోయి ఇంటికొస్తాడు. ముక్కాలిపీట మీద కూచోబోతాడు. పీట ఒక్క అడుగు పక్కకి జరగతాది. వాడు దబ్బున కింద. లేచి చూస్తే పీట ఏమీ ఎరగనట్టు గోడ చూస్తా నిలబడి ఉంటది. ముఖం లేదు దానికి, మూడు కాళ్ళూ ఒక చెక్కా. అయినా గోడ చూస్తా ఉండాదని మనకి తెలస్తాది! వాడు మెల్లగా వెనక నుంచి పోతాడు. అది టక్ టక్ మని నడుస్తాది. వాడు బతిమాలతాడు, గిన్నెలో పాలు పెట్టి పిలస్తాడు, కడాకు తాడు వేసి కడితే వాణ్ణే ఈడ్చుకోని పోతాది గది చుట్టూ. ఇంక చేతకాక వాడు నేల మీద మోకాళ్ళేసి తల వేలాడేసుకుంటాడు. అప్పుడొస్తాది పీట. దిక్కులు చూసుకుంటా, టక్, టక్, వచ్చి, వాడి వీపు మీద ఎక్కి హాయిగా కూచుంటాది.

నాకు ఏమయిందో తెలవదు పాపా. కడుపు పట్టుకోని ఇసకలో పడిపోయినాను. పక్కనోళ్ళు సినిమా వదిలేసి నన్ను చూసినారు. ఒక్క మాట లేదు ఆ సినిమాలో, పాట లేదు. అయినా అత్తగారింట్లో నా గతి అంతా అందులో ఉండినట్టుండింది. ఎక్కడ కూచోబోయినా చోటు జరిగిపోవడం.

మామ నవ్వలేదు. ముందుకు వంగి చూస్తా, "చూసినావా మే, వాడి బుగ్గ మీద వేలిముద్ర. ఒకసారి ఇక్కడుంటది, ఒకసారి అక్కడుంటది. మనకి కనపడకుండా ఎవరో వాణ్ణి తడమతా ఉండారు" అన్నాడు. అయిపోయినాక పోయి ఆపరేటరుని అడిగినాడు. ఆయన ఫిలిం లాంతరు ముందు పట్టి చూపించినాడంట. బొమ్మని వెంట్రుకవాసి జరపడం, ఒక ఫోటో తీయడం. మళ్ళా వెంట్రుకవాసి జరపడం, ఇంకో ఫోటో. పీట ఈ మూల నుంచి ఆ మూలకి పోవాలంటే దినాలకి దినాలు పట్టి ఉంటదంట.

"వల అల్లినట్టేనే" అన్నాడు ఇంటికొస్తా. "ముడి వెనక ముడి. వాడూ మన మాదిరి ఓపిక ఉండేటోడు. మనం చేపకి అల్లతాం, వాడు నవ్వుకి అల్లినాడు."

బద్ధకస్తుడని మీరంతా అనుకునే మనిషి ఆయన. వలలో ఒక్క ముడి జారితే మూరెడు విప్పి మళ్ళా అల్లేవాడు.

ఆపరేటరు పోతా పోతా, "వచ్చే అమాసకి మళ్ళా ఇటే వస్తాం. మా గుడ్డ అప్పటికి వస్తదో రాదో. ఈ చాప ఇట్టే ఉంటే బొమ్మల సినిమా రెండుసార్లు వేస్తా" అన్నాడు. మర్నాడు మామ పెరట్లో చెక్క నలగ్గొట్టి గంగాళం పెట్టబోతే నేను అడ్డం పోయినాను. "మామా, అమాస దాకా ఉండనీ." ఆయన నన్ను చూసినాడు. "నువ్వు నవ్వితే పన్ను మీద పన్ను ఉండాదని నాకు రాత్రే తెలిసింది" అని గంగాళం బోర్లించి పెట్టినాడు.

అమాస వచ్చింది, పోయింది. వ్యాను రాలేదు. వానలని కొందరు, చక్రం విరిగిందని కొందరు. నేను మాత్రం ఇంకో నాలుగు దినాలు, ఇంకో నాలుగు దినాలు. అత్త దినామూ అరిచేది, "ఒరేయ్, గాలి మళ్ళే కాలం వస్తాంది, చాపకి చెక్కనీళ్ళు ఎప్పుడురా?" అని. నేను పొయ్యి కాడ ఊపిరి బిగబట్టుకోని ఉండేదాన్ని. ఆయన ఒక్కనాడు నా పేరెత్తలేదు. "వొళ్ళు వంగట్లేదమ్మా, రేపు చూద్దాం" అనేవాడు.

పాత చాప నిండా మాట్లు, చినిగిన కాడల్లా గుడ్డ అతుకులు. నడిమి మాటు నేను వేసిందే. చెరువు కుట్టు కుట్టినాను, పెద్ద పెద్ద పోగులు. చెరువు గాలికి అది చాలు.

కార్తీకం మొదట్లో ఆ పొద్దు, మొదట చెప్పినానే, పీట నడక నడిచి పోయినాడు. తెప్ప మీద ఆయనా మీ తాతా ఇద్దరే. తిరిగొచ్చేటప్పుడు ఈశాన్యం గాలి లేచింది. నేను గంప పట్టుకోని ఒడ్డున ఉండినాను. తెప్ప కనబడతానే ఉండాది. ఒడ్డు కాడ విరిగిపడే అలల్ని దాటేటప్పుడు చాప గాలి పట్టి తెప్పని తోసుకోని రావాల, లేకుంటే తెప్ప అడ్డం తిరగతాది. నా కళ్ళ ముందరే నడిమి మాటు కాడ చాప రెండుగా విప్పారింది. తెప్ప అడ్డం తిరిగింది. లేచి పడింది. తెప్ప మాను ఒకటి ఆయన తలకి తగిలింది.

మీ తాత ఈదుకోని బయటపడినాడు. ఇసకలో కూలబడి, ఉప్పునీళ్ళు కక్కుకుంటా వాళ్ళమ్మతో చెప్పినాడు. "పొద్దన కూడా అడిగినానమ్మా, కొత్తదానికి ఎందుకు పట్టించలేదన్నా అని. నాకే బద్ధకంరా అన్నాడు. నవ్వినాడు."

నేను అక్కడే ఉండినాను. నాలుగు బారల దూరంలో. నోరు తెరిస్తే మాట వస్తాది. తెరవలేదు.

పెద్దకర్మ అయిన మూడోనాడు వ్యాను వచ్చింది. ఆపరేటరు నేరుగా మన గుమ్మంలోకే వచ్చి, "అమ్మా, మాకు కొత్త గుడ్డ వచ్చిందిలే. అయినా మాటిచ్చినాను, ఆ తెల్లచాప ఉండాదా?" అన్నాడు. అత్త వేలితో పెరడు చూపించింది. మీ తాత దాన్ని అప్పటికే చెక్కనీళ్ళలో ముంచి ఎర్రగా ఆరేసి ఉండినాడు. సంగతి విని ఆ మనిషి, "ఈ ఊళ్ళో ఇయ్యాల వేయములే తల్లీ, పోతాం" అన్నాడు. అత్తే ఆపింది. "నా ఇంటి చావుకి ఊరి పిల్లకాయలు ఏం చేసినారు? వేసి పోండయ్యా" అనింది. అంత మనిషి ఆమె.

కొత్త గుడ్డ మా ఇంటి ఎదురుగానే కట్టినారు. నేను మూల కూచోని ఉండాను. తాటాకు దడిలో సందు ఉండాది. చూడకూడదనుకున్నాను. టక్ టక్ మని వినబడింది. చూసినాను. గుడ్డ వెనకవైపు నుంచి, కుడి ఎడమై అంతా తిరగబడి కనబడతా ఉండాది. పొట్టోడు పడినాడు. పీట గోడ చూసింది. తాడు, ఈడుపు, మోకాళ్ళు. పీట వచ్చి వీపు మీద కూచునింది.

నవ్వొచ్చింది పాపా నాకు.

కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడతా ఉండాయి, కళ్ళలో నీళ్ళు కారతా ఉండాయి. అప్పుడు అత్త లోపలికి వచ్చింది. ఏడుస్తా ఉండాననుకునింది. అప్పటిదాకా నన్ను తాకని మనిషి, వచ్చి నన్ను రొమ్ముకి అదుముకునింది. "ఏడువమ్మా, ఏడువు. బద్ధకపు నా కొడుకు. నిన్నిట్ట చేసి పోయినాడే. వాణ్ణి కన్నందుకు నా కడుపు కాల" అని ఏడిచింది.

అప్పుడు చెప్పి ఉండాల. చెప్పలేదు. ఆమె చేతులు వెచ్చగా ఉండాయి. ఆ ఊళ్ళో నాకు కూచునేదానికి జరగని చోటు దొరికింది అదే మొదలు.

ఆ పొద్దు నుంచి బురదమట్టగిడస పోయి "అమ్మణ్ణీ" వచ్చింది. మా నాయన వచ్చి తీసకపోతానంటే పంపలేదు. చచ్చిపోయేదాకా పులుసులో మంచి ముక్క నా కంచంలోనే వేసింది. కొడుకుని మాత్రం తిట్టుకుంటా పోయింది. తల్లి నోట అన్ని తిట్లు ఆయన నా వల్ల తిన్నాడు, ఇంకా మీ అందరి నోటా తింటానే ఉండాడు.

ఇంకొకటి కూడా రాయి, వదలబాక. ఇంత చెప్పినాక కూడా ఆ పీట దిక్కులు చూసుకుంటా వచ్చేది తలుచుకుంటే నాకు ఇప్పుడూ నవ్వొస్తాది. మీ టీవీ బొమ్మలు నూనె పోసినట్టు జారిపోతాయి, వాటికి రాదు. ఆ కుదుపు నడకకే వస్తాది. అది ఆయన నడక కూడా.

అయిపోయింది. మీ తాత బయట మంచం మీద మేలుకోనే ఉండాడు, దగ్గు వినబడతా ఉండాది. లేచి ఆ తలుపు బార్లా తీసి పెట్టు. ఆయనకి చెవుడు కదా, గొంతు పెంచు. ఇప్పుడు నువ్వు రాసింది మొదటి నుంచి నాకు చదివి వినిపించు.