తోడల్లుడి ఇత్తడి దిక్సూచి

అత్తవారి ఊళ్ళో, పట్టపగలు, నలుగురి మధ్య పరువు పోగొట్టుకోవడం ఎలాగో తెలియకపోతే నన్నడగండి. కొన్నేళ్ళ క్రిందట ఆ పని నాకంటే శ్రద్ధగా చేసినవాడు మా జిల్లాలో లేడు.

నాకు ఏలూరులో సెల్‌ఫోన్ల కొట్టుంది. మా మరదలి భర్త ప్రసాద్‌కి తాడేపల్లిగూడెంలో మంచి ఉద్యోగముంది. అది చాలదన్నట్టు, వాళ్ళ తాతగారు మిలటరీ నుంచి తెచ్చిన ఇత్తడి దిక్సూచి కూడా ఉంది.

మండవల్లిలో మామగారు కొత్త ఇల్లు తలపెట్టారు. మొదటి ఇటుక పెద్దల్లుడే పెట్టాలని ముందే అనుకున్నారు. పెద్దల్లుణ్ణి నేనే. కొత్త పంచె కట్టుకుని దిగేసరికి ఏముంది, అందరూ ప్రసాద్ చుట్టూ మూగి ఉన్నారు.

"ఈ మూత అద్దం మీద వెంట్రుకంత గీత చూశారా మావయ్యగారూ? దాంతోనే గురి చూసి దిక్కు పట్టేవారట. ఓసారి కొల్లేటి బురదలో పడిపోయిందండీ. కడిగి తుడిస్తే మళ్ళీ మామూలే!"

"ఇన్నేళ్ళయినా కీలు వదులవలేదండీ!" మామగారు మురిసిపోయారు. "చిన్నల్లుడుగారూ, దిక్కులు మీరే చూడండి. మొదటి ఇటుక కూడా మీ చేత్తోనే పెట్టించేద్దాం."

నా ఇటుక! కడుపు భగ్గుమంది. దిక్సూచిని లాక్కుని చెరువులో పారేద్దామనిపించింది. నీళ్ళలో పడినా పాడవదని గుర్తొచ్చి ఇంకా మండింది.

"ఈ రోజుల్లో పాతసామాను నమ్ముకుని ఇల్లు కడతారా అండీ?" అంటూ నా ఫోను తీశాను. దానికి మా కొట్టులోకెల్లా ఖరీదైన ఫ్లిప్ కవరు. ఫోన్లో దిక్సూచి తెరిచి ప్రసాద్ దిక్సూచి పక్కన పెట్టాను. ఇత్తడిదాంట్లో ముల్లు గిర్రున తిరిగింది.

"చూశారా! ముసలిదైపోయింది పాపం, మతి చలించింది!"

"అదేవిటండీ, ఇందాక బాగానే ఉందే!" అన్నారు మామగారు. అయినా ఫోన్ల సంగతి నాకే తెలుసని నమ్మారు. మేస్త్రీ చేత పునాది కొలతలకి అప్పటికే పాతిన మేకులు పీకించి, నా ఫోను చూపిన దిక్కుకి తాళ్ళు కట్టించాను.

మా ఆవిడ మెల్లగా అంది. "ఏవండీ, ఊళ్ళో ఇళ్ళన్నీ అటుంటే మనిల్లొక్కటే వంకరగా తిరిగిందేవిటండీ?"

"ఊరంతా తప్పు కట్టుకుంటే నేనేం చెయ్యను?"

అప్పుడు ప్రసాద్ వినయంగా, "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఫోనుతో ఒక్కసారి ఇటుపక్కకి వస్తారా?" అన్నాడు.

వెళ్ళాను. ముల్లు నా వెంటే వచ్చింది. అటు జరిగాను. పెంపుడు కుక్కలా అటూ వచ్చింది.

"మీ కవరులో అయస్కాంతం ఉందేమోనండీ."

ఉండకేం! "అయస్కాంతం మూతండీ, ఊడి రాదండీ" అని రోజూ గొంతు చించుకుని అమ్మేది నేనే. అది ముల్లునే కాదు, నా ఫోనుని కూడా పక్కదారి పట్టించింది.

మామగారు వంకర తాళ్ళ వంక, నా వంక చూశారు. "పెద్దల్లుడుగారూ, అయితే మీరెక్కడుంటే ఉత్తర దిక్కు అక్కడేనన్నమాటండీ!"

మేస్త్రీ తాపీ వదిలేసి నవ్వాడు. మా ఆవిడ కూడా నవ్వింది, అదీ నా బాధ.

తాళ్ళు మళ్ళీ సరిచేశాక ఇటుక ప్రసాద్ చేతికిచ్చారు. అతను తిన్నగా నా దగ్గరికొచ్చి, "పెద్దవారు మీరుండగా నేనేవిటండీ?" అని నా చేతిలో పెట్టాడు. నేనే పెట్టాను. పెడుతుంటే నా వెనక ఒకటే మాట. "చిన్నల్లుడిది ఎంత మంచి మనసండీ!"

ఆ రోజే దేవుడి పటం ముందు నిలబడి ప్రమాణం చేశాను. తోడల్లుడి వస్తువులు చూసి ఈ జన్మలో అసూయపడను. మంచితనం మాట ఆ ప్రమాణంలో లేదు. దాన్ని చూసి ఇప్పటికీ కుళ్ళిపోతూనే ఉన్నాను.