ఫరాష్ కొలువు

ఒమాన్ వెళ్లిన రెండో ఎండాకాలం నేను సైట్‌లో తల తిరిగి పడిపోయాను. ఆ సంగతి ఇంటికి రాయొద్దని రూమ్‌లో అందరికీ చెప్పాను, అయినా ఎవరో రాశారు. అప్పటినుంచి మా ఆవిడ ఉత్తరాలన్నిటిలో ఒకటే మాట. నీడపట్టు పని దొరకదా, దొరకకుంటే వచ్చెయ్. ఆమె సరిగా నిద్రపోవడం లేదని నా చెల్లెలు కూడా రాసింది.

తొంభైల మొదట్లో మా కంపెనీ జబల్ అఖ్దర్ కొండ మీద నీళ్ల ట్యాంకు కడుతోంది. ఒక సాయంత్రం మా హైదరాబాద్ ఫోర్‌మన్ పిలిచాడు.

"కల్ సే కాంక్రీట్ నక్కో. డాక్టర్ సాబ్‌కు ఫరాష్ హోనా కతే, ముదీర్ బోలే. తూ జా."

రేపటినుంచి కాంక్రీట్ వద్దు, డాక్టర్ సాబ్‌కు ఫరాష్ కావాలని ముదీర్ చెప్పాడు, నువ్వు పో అని. ముదీర్ అంటే మా ఒమానీ మేనేజరు. ఆయన చెప్పాడంటే ఇక తిరుగులేదు. ఫరాష్ అంటే ఏమిటో మా వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆఫీసులో బల్లలు తుడిచి, సాబులకు నీళ్లందించి, మిగతా పొద్దంతా ఫ్యాను కింద స్టూలు మీద కూర్చునే కొలువు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కూడు తినకుండానే ఇంటికి ఉత్తరం రాశాను. పొద్దున్నే సెలవు మీద ఊరికి పోతున్న మా రూమ్ అతని చేతిలో పెట్టాను. ముందూ వెనకా చూసుకోలేదు.

తెల్లారి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పికప్ ఎక్కాను. డాక్టర్ సాబ్ ఎర్రగా కాలిన ముఖంతో ఉన్న తెల్ల ముసలాయన. చేతిలో దోమతెర గుడ్డ కట్టిన కర్ర ఒకటి ఉంది. డాక్టరుకు అదెందుకో నాకు అంతుబట్టలేదు. బండి దిగగానే నా భుజానికి ఒక సంచీ తగిలించి రాళ్ల మీదుగా పైకి నడిచాడు. ఆఫీసు పైన ఎక్కడో ఉందనుకున్నాను. గంట నడిచినా రాళ్లే. కొండ కొసన ఆఫీసు ఎవడు కడతాడని ఒక పక్క అనుమానం, పెద్దవాళ్ల ఏర్పాట్లు మనకేం తెలుసని ఇంకో పక్క సమాధానం.

ఆయన ఆగి, వచ్చీరాని అరబ్బీలో ఫరాషా ఎక్కడ అని అడిగాడు.

నేను గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అనా ఫరాష్" అన్నాను. నేనే ఫరాష్‌ని, ఇంకెవరు.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "లా, లా. ఫరాషా" అని, కాదు కాదని తల అడ్డంగా ఊపి, ఒక బండరాయి వైపు వేలు చూపించాడు. అక్కడ కూర్చోమంటున్నాడేమో అనుకుని వెళ్లి కూర్చున్నాను.

నా మోకాలి పక్కనుంచి రాతిముక్క ఒకటి లేచి ఎగిరింది. మట్టిరంగు రెక్కలు, అంచున తెల్లటి చార. ముసలాయన తల పట్టుకున్నాడు. తర్వాత రెండు అరచేతులూ కలిపి ఆడించి చూపించాడు. అప్పటికి గాని నాకు తెలియలేదు, అరబ్బీలో ఫరాషా అంటే సీతాకోకచిలుక. ఆయన మందులిచ్చే డాక్టరు కాదు, సీతాకోకచిలుకల మీద చదువుకున్న డాక్టరు. ఆ చివరి దీర్ఘాన్ని మా ఫోర్‌మన్ మింగేశాడు.

అది ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కిందికి దూరి, రెక్కలు మూసుకుని, రాయిలో రాయిగా కలిసిపోయింది. ఎండ ముదిరితే అది నీడకు చేరుతుందని ఆయన సైగలతో చెప్పాడు. ఆయనకు అదో ముచ్చట. నాకు మాత్రం కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

మూడు రోజులు సంచీ మోశాను. నాలుగో రోజు మళ్లీ కాంక్రీట్ దగ్గరికే వచ్చాను. నెల తిరిగాక ఇంటినుంచి జవాబు వచ్చింది.

"నీ ఉత్తరం అందినకాంచి కంటికి నిద్ర వస్తున్నది. ఫరాష్ అంటే ఫ్యాను కిందనే ఉంటరట గదా. నాకింకేం వద్దు."

నిజం రాద్దామని కూర్చున్నాను. రెండు ముక్కలు రాసి చింపేశాను. పోనీ ఉన్న మాటే అలా ఉండనిద్దామా, అది అబద్ధమవుతుందా, ఒక్క దీర్ఘం పొరపాటు కిందికి వస్తుందా, ఎటూ తేలలేదు. ఆ తర్వాత కూడా పని ఎండలోనే, ఉత్తరాలు మాత్రం ఫ్యాను కిందినుంచే.

రెండేళ్లకు సెలవు మీద ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున వాకిట్లో పీట వేసి మా ఆవిడ నా తలకు నూనె రాస్తోంది. మెడ వెనక్కు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అక్కడ చర్మం కమిలి, నల్లబడి, పొలుసులు లేచి ఉంది.

"ఫ్యాను గాలి గట్టిగనే కొట్టినట్టున్నది" అంది.

మళ్లీ నూనె రాయడం మొదలుపెట్టింది. ఆమెకు ఈ సంగతి అప్పుడే తెలిసిందా, ముందే తెలుసా, ఈ రెండేళ్లూ నిద్రపోయిందా లేదా అని నేను అడగలేకపోయాను.