అడగనిదే బోల్టు విప్పని వీరేశం

మిర్యాలగూడ మెకానిక్ వీరేశానికి చేతకాని రిపేరు లేదు. ఉన్న రోగం ఒక్కటే. ఎవరినో ఒకరిని సలహా అడగనిదే బోల్టు విప్పడు. పోనీ తెలిసినవాళ్లను అడుగుతాడా అంటే అదీ లేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్లే సలహాదారు.

స్టేషను రోడ్డులో ధాన్యం లారీ మొరాయిస్తే, డ్రైవరును వదిలేసి పక్కన సీతాఫలాలు అమ్ముకునే ఆమెను అడిగాడు.

"అక్కా, గేరుబాక్సు దించమంటవా?"

"దించు. నా గంప మీద మాత్రం దించకు."

"ఇన్నవా, అక్క దించమన్నది!" అని డ్రైవరుకు చెప్పి పానా అందుకున్నాడు.

తన పెళ్లిలో పంతులు తాళి చేతికిస్తే, పెళ్లికూతురి చెవి దగ్గరకు వంగి "మూడు ముళ్లు సరిపోతయంటవా?" అన్నాడట. "ముందుగాల ఒక్కటెయ్యి, సూద్దాం" అన్నానని ఆమె ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అలాంటి మనిషిని వేములపల్లికి పిలిపించింది కల్పన. తవుడు గోదాము కట్టుకుందామని ఆమె కొన్న మెట్ట చెలకలో నడిమధ్య ఒక బుల్‌డోజరు కూర్చుని ఉంది. కాలువ పనుల నాటిది. నలభై ఏళ్లుగా కదల్లేదు. గొలుసు చక్రాలు భూమిలోకి దిగిపోయాయి. సీటు చీల్చుకుని తుమ్మ మొలిచింది. ఇంజనులో ఎలుకలు మూడు తరాలుగా కాపురం చేస్తున్నాయి. అయినా అది ఒక్కసారి నడిస్తే చూడాలని కల్పనకు సరదా. పది రోజులు గడువిచ్చింది. నడవకపోతే పదకొండో రోజు పాత ఇనుము వాళ్లు గ్యాసుతో ముక్కలు కోసుకుపోతారు.

ఆ గడువు ఊళ్లో ఎవరికీ పట్టలేదు, ఐలమ్మకు తప్ప. ఆ బండిని ఆఖరున నడిపింది ఆమె భర్త జంగయ్య. ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినొచ్చి ఎక్కి, పది గజాలు నడిపాడో లేదో ఆగిపోయింది. ఎంత చేసినా మళ్లీ లేవలేదు. ఆయిలు చూసుకోకుండా ఇంజను కాల్చాడని కాంట్రాక్టరు నలుగురిలో తిట్టాడు. పని ఎలాగూ అయిపోవచ్చింది గనుక బండిని అక్కడే వదిలేసి, ఆ మాటను ఊరికి వదిలేసి వెళ్లిపోయాడు. ఊళ్లో ఇంకో ఇద్దరు జంగయ్యలు ఉండడం ఈయన ఖర్మ. గుర్తు చెప్పాలంటే "ఇంజను గాల్చిన జంగయ్య" అనాల్సిందే. పెళ్లి కార్డు మీద కూడా బ్రాకెట్లో అదే రాసేవారు.

అప్పటి నుంచి జంగయ్య ఆ చెలక ముఖం చూడలేదు. బస్సెక్కాలన్నా ఊరంతా చుట్టి పోతాడు. ఇప్పుడు బండి ముక్కలైపోతే ఇంజను కాలిందో లేదో ఇక ఎన్నటికీ తేలదు. అందుకే ఐలమ్మ రోజూ సద్దిడబ్బా వంకతో చెలకకు హాజరు.

మొదటి రోజు వీరేశం బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, కిందికి దూరాడు. అరగంటకు బయటకొచ్చి, గడ్డం గోక్కుంటూ ఐలమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, దీనికేమైందంటవ్?"

"నన్నడుగుతవేంది తమ్మీ? నేను బర్రెలను సూసేదాన్ని."

"బర్రె లేవకుంటే ముందుగాల ఏం సూస్తవ్?"

"మేత తిన్నదా లేదా సూస్త."

"శెబాష్! అయితే డీజిలు తొవ్వ సూద్దాం."

తుమ్మ కొట్టేసి, గొలుసుల చుట్టూ మట్టి తవ్వి, డీజిలు ట్యాంకు విప్పి కడిగారు. కడిగిన మురికంతా ఐలమ్మే బకెట్లతో పారబోసింది. తరువాత ఎలుకల వంతు వచ్చింది. గొర్రెలు తోలుకుని పోతున్న నాగయ్యను ఆపాడు వీరేశం.

"నాగయ్యా, వీటిని ఇయ్యాలే ఖాళీ చేయించమంటవా, పిల్లలు పెద్దగయ్యేదాక ఆగమంటవా?"

"గొర్రెలైతే నేను జెప్త. ఎలుకల ముచ్చట నాకేం ఎరుక?" అని నాగయ్య పోయాడు. పోతూ పోతూ, "ఆ జంగయ్య కాల్చిన ఇంజను లేస్తదా పాడా" అని ఓ రాయి విసిరే పోయాడు. అసలు ఆ పేరు పెట్టిందే ఆయన.

ఐలమ్మ ఖాళీ బకెట్టును ఠంగుమని నేలకేసి కొట్టింది. "తమ్మీ, నిజం జెప్పు. ఇంజను కాలిందా?"

"నువ్వేమంటవక్కా?"

"నేనేమన్న అంటే నీ పానాతోనే నీ నెత్తి పగులుతది!"

ఏడో రోజుకు చిన్న ఇంజను లేచింది. ఆ కాలపు బుల్‌డోజర్లలో పెద్ద డీజిలు ఇంజనును లేపడానికి పక్కనే ఒక చిన్న పెట్రోలు ఇంజను ఉండేది. అది టపటపమని ఊరంతా లేపింది, పెద్దదాన్ని మాత్రం లేపలేకపోయింది. పెద్దది గుండ్రంగా తిరుగుతుంది, పొగ రాదు. ఎనిమిదో రోజూ అంతే. తొమ్మిదో రోజు కల్పనకు ఓపిక అయిపోయింది.

"అన్నా, ఊరంత అడిగినవ్. ఇంకెవరు మిగిలిండ్రు?"

"ఒక్కాయన మిగిలిండు. నడిపినాయన."

వీరేశం నేరుగా జంగయ్య ఇంటికి పోయి మంచం పట్టె మీద కూర్చున్నాడు. జంగయ్య గోడవైపు తిరిగాడు.

"నేను రాను. నన్ను సూసి నవ్వుకుంటందుకా?"

"రావొద్దు బావా. ఒక్క ముచ్చట చెప్పు చాలు. ఎడమ పక్కన పొట్టి కడ్డీ ఉన్నది గద, అది బ్రేకేనా?"

జంగయ్య ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. "బ్రేకా? అది చిన్న ఇంజనును పెద్దదానికి కలిపేది!"

"అట్లనా! నేను దాని మీద కాలు పెట్టి తొక్కుతున్న."

"కాలా!" జంగయ్య మంచం మీంచి దూకినంత పని చేశాడు. "గదీ తెల్వకనే బండి ముట్టినవా? ఏయ్ ఐలమ్మా, నా అంగీ ఏది?"

పదో రోజు పొద్దున ఊరంతా చెలకలో ఉంది. జంగయ్య బండెక్కి, కడ్డీలన్నీ ఒకసారి తడిమి చూసి, వీరేశాన్ని పాఠం రాని పిల్లవాడిలా చూశాడు.

"డీజిలు రాకుంటే ఎట్ల లేస్తది? ట్యాంకు కింది పైపు ఇప్పినవా?"

"ఇప్పలె బావా. ఇప్పమంటవా?"

"జరుగు!" అని తనే దిగి పైపు విప్పాడు. వేలు పెట్టి గెలికితే మెత్తగా తగిలింది. లాగితే జానెడు గుడ్డ వచ్చింది.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"ఎవడో గుడ్డ కుక్కిండు!"

"కాంట్రాక్టరు మనుషుల పనే!"

"నేనప్పుడే అన్న, మా జంగయ్య ఇంజను కాల్చెటోడు కాదని," అన్నాడు నాగయ్య, అందరికంటే గట్టిగా.

పైపు బిగించారు. చిన్నది మోగింది, జంగయ్య కడ్డీ లాగాడు, పెద్దది రెండుసార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, నేల అదిరేలా లేచింది. జంగయ్య దాన్ని ఇరవై గజాలు నడిపి, కల్పన గోదాము కోసం వేసిన ముగ్గును శుభ్రంగా తుడిచిపెట్టి ఆపాడు. జనం ఈలలు వేశారు.

ఐలమ్మ చేతిలో ఆ గుడ్డ ఉంది. నలభై ఏళ్లు నానిన గుడ్డ పీలికలైపోవాలి. ఇది లాగితే చిరగడం లేదు. పైగా ఆకుపచ్చ గళ్లు. వీరేశం మెడలో తువ్వాలకూ ఆకుపచ్చ గళ్లే, ఓ మూల జానెడు లేదు. ఆమె అతన్ని బండి చాటుకు లాగింది.

"తమ్మీ, ట్యాంకు కడిగిననాడు లేని గుడ్డ ఇయ్యాల యాడికెల్లొచ్చింది? అసలేమైంది ఈ బండికి?"

వీరేశం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంజను కాలలె, ఏం కాలలె. మొదటి రోజే సూసిన. డీజిలు వచ్చే కాక్, గదే నల్లా అసొంటిది, బంద్ జేసి ఉన్నది. అన్నానికి పోయేటప్పుడు బంద్ జేసి, వచ్చినంక తిప్పుడు మర్చిండ్రు. పైపుల ఉన్న డీజిలు అయిపోంగనే ఆగింది. ఆ కాక్ నేనే తిప్పి పెట్టిన."

ఎవరు మరిచారో ఐలమ్మకు చెప్పనక్కర్లేదు. ఇంట్లో గ్యాసు బుడ్డి కట్టేసి, పొయ్యి వెలగడం లేదని అరిచే మనిషితో యాభై ఏళ్లుగా కాపురం చేస్తోంది.

"ఊరికి ఉన్నది ఉన్నట్టు జెప్పమంటవా అక్కా?" అన్నాడు వీరేశం.

కడుపులో మాట పూట కూడా దాచుకోని ఐలమ్మ, గుడ్డను మడిచి బొడ్లో దోపుకుంది. "నువ్వు ఇయ్యాలటికి ఎవర్నీ ఏమీ అడగకు. సద్ది తిను."

అవతల జంగయ్య బండి మీద నిలబడి జనానికి పాఠం చెబుతున్నాడు.

"బండి దిగెటప్పుడు డీజిలు కాక్ బంద్ జెయ్యాలె. ఏదన్న మరువుండ్రి గని అది మరువద్దు. నేను ఒక్కనాడు మర్వలె!"