నొప్పి పోయిందన్న పోశన్న

"అక్కా, నొప్పి పోయింది. రూముకు పోతున్న."

"పోకు తమ్ముడూ! ఇలా ఉన్నట్టుండి పోవడం మంచిది కాదు."

"నొప్పి పోతే మంచిది గాదా? మంచిగ జెప్తివి!"

నవ్వుతూ పోశన్న బెంచీ మీంచి లేచాడు. మేమిద్దరం అనుకున్న ఆఖరి మాటలవే.

అది 1993. ఒమాన్‌లో సహం అనే ఊళ్లో, ప్రైవేటు క్లినిక్‌లో ఆయాగా చేసేదాన్ని. నాకు రాత రాదు, చెబుతుంటే నా కోడలు రాస్తోంది. మా ఆయన పోయాక గోదావరి వైపు నుంచి వెళ్లాను. పోశన్నది జగిత్యాల దగ్గర పల్లె. కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలేసి తోటల్లో దొంగచాటుగా పని చేసేవాడు. బతాకా లేదు, లేబర్ కార్డన్నమాట. అలాంటివాళ్లు గవర్నమెంటు ఆసుపత్రి ఛాయలకు పోరు. గేట్లో కార్డు అడుగుతారు, పోలీసులకు పట్టిస్తారు అని హడలు. ఏ రోగమైనా మా క్లినిక్కే.

ఆ పొద్దున కడుపు కుడిపక్క పట్టుకుని వంగిపోయి వచ్చాడు. డాక్టరమ్మ నొక్కి చూసింది. "అపెండిక్స్. పేగు తోక వాచింది. ఆపరేషన్ ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి పంపాలి" అని బండి కోసం ఫోను దగ్గరికి వెళ్లింది.

"నన్ను జైలుకు తోల్తున్నరా అక్కా? ఒక్క గోలి ఇయ్యిమను, నీ కాల్మొక్త" అని ఏడ్చాడు. కాసేపటికే ఏడుపు ఆపి, నొప్పి పోయిందని నవ్వాడు. వాచిన తోక నొప్పి టక్కున ఆగితే అది పగిలినట్టేనని మా నర్సు చెప్పేది. డాక్టరమ్మను కేకేసి తిరిగి చూసేసరికి పోశన్న ఎవరిదో పికప్పు ఎక్కేశాడు.

మర్నాడు రూమువాళ్లు అతన్ని మా గుమ్మంలో పడుకోబెట్టి పరుగెత్తారు. వాళ్లకూ బతాకాలు లేవు మరి. పొట్ట చెక్కలా ఉంది, తెలివి లేదు. పెద్దాసుపత్రికి పోయే బండిలో నేనూ ఎక్కాను. దారంతా నాకు భయమే. తెలిసినవాడని చెబితే నా వీసా పోతుందేమో! నాకు ఇంటి దగ్గర పిల్లలున్నారు.

గేట్లో ఎవరూ కార్డు అడగలేదు. స్ట్రెచరు మీద వేసుకుని పరుగు తీశారు. "పేరేంటి?" అన్నారంతే. "పోశన్న" అన్నాను.

థియేటర్‌లోకి వెళ్లినవాడు ప్రాణంతో బయటికి రాలేదు.

ఆ తర్వాత మా బెంచీ మీద ఎవరైనా నొప్పి పోయిందని లేస్తే, తలుపుకు అడ్డంగా నిలబడేదాన్ని. "ముందు లోపలికి పద, పెద్దాసుపత్రి గేట్లో అడిగేది పేరే" అనేదాన్ని. తిట్టినా కదిలేదాన్ని కాదు.

కోడలా, చాల్లే. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు. అతని పేరు సరిగ్గా రాశావా?